బిల్లులో ఉండేది ఒకటి, బ్యాంకులో పడేది ఒకటి

ప్రశ్న: అన్నా నమస్తే. మాది తాడిపత్రి పక్కన పల్లె. పంచాయతీరాజ్‌లో, మున్సిపాలిటీలో చిన్న చిన్న సివిల్ పనులు చేస్తా, సీసీ రోడ్లు, డ్రైన్లు, స్కూల్ కాంపౌండ్ గోడలు అట్లాంటివి. 2025-26లో మూడు పనులకు బిల్లులు అయినాయి, జీఎస్టీ కాకుండా మూడూ కలిపి 60 లక్షలు. చివరిది 19 లక్షల బిల్లు మార్చి నెలాఖర్లో పడింది, పడిన రెండు రోజుల్లోనే సిమెంట్ అంగడికి, వడ్డీలకు పోయింది. ఆడిటర్‌కు చెప్తే వచ్చే నెల్లో చూపిద్దాంలే అన్నాడు, తర్వాత ఇద్దరం మర్చిపోయినాం. ఇప్పుడు జీఎస్టీ వాళ్ల నుంచి ఏఎస్ఎంటీ-10 అని నోటీసు వచ్చింది, 60 లక్షలకు 41 లక్షలే చూపించినావు అని. బ్యాంకులో పడింది కూడి చూస్తే ఏ లెక్కతోనూ కలవడం లేదు. ఒక ఫ్రెండ్ కంపెనీ పెట్టు ట్యాక్స్ తగ్గుతుంది అంటాడు. ఇంకొకాయన సిమెంట్ బిల్లులు 3 శాతానికి ఇప్పిస్తా, జీఎస్టీ కట్టే పనే ఉండదు అంటాడు. లెక్కలంటే నా భార్య నోట్‌బుక్‌లో రాసేదే, అంతకు మించి ఏం లేవు. నోటీసు వచ్చి 11 రోజులైంది. ఏం చేయమంటావు?

జవాబు: ముందు కూర్చొని ఒక గ్లాసు మంచినీళ్లు తాగు తమ్ముడూ. ఏఎస్ఎంటీ-10 అంటే కట్టమని ఆర్డర్ కాదు, ఈ రెండు లెక్కలు ఎందుకు కలవలేదో చెప్పప్పా అని అడగడం, అంతే. దానికి ఏఎస్ఎంటీ-11 అని జవాబు పెట్టాల, టైమ్ మామూలుగా 30 రోజులు, నోటీసులో ఇంకో తేదీ రాసి ఉంటే ఆ తేదీ. నీకు ఇంకా 19 రోజులు ఉండాయి. జవాబు పెట్టకుండా గమ్మునుండి పోతే మాత్రం తర్వాత వచ్చేది షోకాజ్ నోటీసు, అప్పుడు పెనాల్టీ మాట కూడా మొదలైతాది. కాబట్టి ఇందులో భయపడాల్సింది నోటీసుకు కాదు, ఆ 19 రోజులకు.

అయితే నోటీసుకు జవాబు ఎట్ల రాయాలో చెప్పేముందు నీ లెటర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనపడిన ముక్క చెప్తా. బ్యాంకులో పడింది కూడి చూస్తే ఏ లెక్కతోనూ కలవడం లేదు అన్నావు చూడు, అది కలవదు, ఎప్పటికీ కలవదు. నేను అనంతపురం క్లాక్ టవర్ పక్క సందులో ఇరవై ఏండ్ల పైనుంచి ఈ పనే చేస్తాండా, నా దగ్గరికి వచ్చే చిన్న కాంట్రాక్టర్లలో ఎక్కువ మంది పాస్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టి ఇదే సార్ నా సంపాదన అంటారు. పాస్‌బుక్‌లో పడింది నీ టర్నోవర్ కాదు, నీ లాభం అసలే కాదు, అందులో కొంత నీది కానే కాదు, ఇంకా నీకు రావాల్సింది కొంత అందులో లేదు.

నీ మార్చి బిల్లే తీసుకుందాం. పని విలువ 19,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,42,000. మొత్తం బిల్లు 22,42,000. ఇప్పుడు ఇందులోంచి కోతలు చూడు. టీడీఎస్ అంటే బిల్లు చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే ట్యాక్స్. ఇన్కం ట్యాక్స్ టీడీఎస్ మనిషి పేరు మీద లైసెన్స్ ఉంటే 1 శాతం, అదీ జీఎస్టీ వేరేగా చూపించిన బిల్లులో పని విలువ మీదనే, అంటే 19,000. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 38,000. లేబర్ సెస్ 1 శాతం, 19,000. కంకరకు, గ్రావెల్‌కు సీనరేజీ, అంటే గనుల ఫీజు, ఒక 30,000 అనుకుందాం, పని సరిగ్గా ఉందని తేలేదాకా పట్టి ఉంచే డిపాజిట్, ఎఫ్ఎస్డీ అంటారు, దాని కింద పట్టుకున్నది ఒక 1,40,000 అనుకుందాం, ఈ రెండూ నేను ఊహించి వేసినవి, నీ డిడక్షన్ స్టేట్‌మెంట్‌లో అసలు అంకెలు ఉంటాయి. అన్నీ కలిపి కోత 2,46,000. బ్యాంకులో పడింది 19,96,000.

చూసినావా తమాషా, 19 లక్షల పనికి సుమారు 20 లక్షలు పడింది. అందుకే నీకు కోతలు పెద్దగా నొప్పి అనిపించలేదు, పని విలువ కన్నా ఎక్కువే వచ్చింది కదా అనిపించి ఉంటాది. కానీ ఆ 19,96,000 లోపల 3,42,000 జీఎస్టీ దాక్కొని ఉండాది, అది గవర్నమెంట్ నీ చేతికిచ్చి నా ఖజానాలో కట్టిరా అని పంపిన డబ్బు. దాన్నే నువ్వు సిమెంట్ అంగడికి, వడ్డీకి ఇచ్చేసినావు. నిన్ను తప్పు పట్టడం లేదప్పా, ఆర్నెల్లు బిల్లు కోసం తిరిగి తిరిగి గవర్నమెంట్ బిల్లుల పోర్టల్ సీఎఫ్ఎంఎస్‌లో టోకెన్ నంబర్ పొద్దున సాయంత్రం చూసుకున్న మనిషికి డబ్బు పడినాక ముందు అప్పులోళ్ల మొహమే గుర్తొస్తాది, జీఎస్టీ ఆఫీసు గుర్తు రాదు.

ఇంకొక మాట, ఈ కోతలన్నీ ఒకే రకం కాదు, ఇక్కడే సానా మంది ఇరుక్కుంటారు. ఇన్కం ట్యాక్స్ టీడీఎస్ 19,000 నీ డబ్బే, నీ పాన్ మీద జమ అయి ఉంటాది, రిటర్న్ వేస్తే నీ ట్యాక్స్‌లో కొట్టేస్తారు, ట్యాక్సే లేకుంటే తిరిగి ఇస్తారు. జీఎస్టీ టీడీఎస్ 38,000 కూడా నీ డబ్బే, అది ఎట్ల వస్తాదో కింద చెప్తా. ఎఫ్ఎస్డీ నీ డబ్బే, డిఫెక్ట్ లయబిలిటీ టైమ్, అంటే పనిలో లోపం వస్తే నువ్వే బాగు చేయాల్సిన గడువు, అయినాక అడిగి తీసుకోవాల, అడగకుంటే ఎవరూ ఇంటికి తెచ్చి ఇయ్యరు. లేబర్ సెస్, సీనరేజీ మాత్రం పోయినట్టే, అవి ఖర్చు. మొదటి మూడిటిని ఖర్చు కింద రాసేస్తే నీ డబ్బును నువ్వే వదులుకున్నట్టు, బిల్లు విలువలోంచే తీసేసి చూపిస్తే టర్నోవర్ తక్కువ చూపించినట్టు. రెండు వైపులా నష్టమే.

సరే నోటీసు సంగతి. వాళ్లకు 60 లక్షలని ఎట్ల తెలిసింది అనుకున్నావు? ఎవరో పితూరీ చెప్పలేదు. 2018 అక్టోబర్ 1 నుంచి గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్లు, లోకల్ బాడీలు రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్ట్‌కు బిల్లు చెల్లించేటప్పుడు 2 శాతం పట్టుకొని, మళ్లా నెల 10వ తేదీ లోపల జీఎస్టీఆర్-7 అని రిటర్న్ వేస్తారు, అందులో నీ జీఎస్టీ నంబర్, పని విలువ, పట్టుకున్నది అన్నీ ఉంటాయి. ఇటు పక్క నువ్వు ట్యాక్స్ కట్టి వేసిన రిటర్న్, 3బీ, ఉంటాది. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తీసివేత చేసేదానికి ఆఫీసర్ కూడా అక్కర్లేదు, కంప్యూటరే చేస్తాది. గవర్నమెంట్ పని చేసేవాడికి టర్నోవర్ దాచడం అనేదే లేదు తమ్ముడూ, బిల్లు ఇచ్చేదీ వాళ్లే, లెక్క చూసేదీ వాళ్లే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తా. నీ కేసులో తేడా నిజమే, 19 లక్షలు చూపించలేదు, కాబట్టి లేనిపోని కథ రాయొద్దు. పోయిన సంవత్సరంలో వదిలేసిన బిల్లును ఈ నవంబర్ 30 లోపల వేసే రిటర్న్‌లో చూపించుకోవచ్చు, ఆ పనికి కొన్న సిమెంట్, కడ్డీ బిల్లుల క్రెడిట్, అంటే కొనేటప్పుడు కట్టిన జీఎస్టీని నీ ట్యాక్స్‌లోంచి తీసేసుకోవడం, వాడుకోకుండా వదిలేసి ఉంటే అది కూడా ఆ తేదీ లోపలే తీసుకోవాల, దాటితే పోయినట్టే. ఈ నెల వేసే బిల్లుల వివరాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఆ ఇన్వాయిస్ పెట్టి, 3బీలో ట్యాక్స్ కట్టి, వడ్డీ కూడా కట్టి, ఆ రిటర్న్ రసీదు నంబర్ వేసి ఏఎస్ఎంటీ-11లో ఇట్ల కట్టేసినాము అని రాయండి. మీ ఆఫీసర్ లేదు డీఆర్సీ-03 అని విడిగా కట్టే ఫారంలోనే కట్టు అంటే అట్లయినా కట్టొచ్చు, ఏ దారైనా ఒక్కటే దారిలో కట్టండి, రెండు చోట్లా కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరిగినోళ్లను చూసినా నేను. కావాలని చేసిన మోసం కానప్పుడు షోకాజ్ రాకముందే ట్యాక్స్, వడ్డీ కట్టేస్తే మామూలుగా పెనాల్టీ ఉండదు, అందుకే 19 రోజులు అని పదే పదే అంటాండా.

ఎంత కట్టాల? ఒక అంచనా వేస్తా. ఆ పనికి సిమెంట్ 2,80,000 కు కొన్నావనుకో, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ 28 నుంచి 18 శాతానికి వచ్చింది కాబట్టి క్రెడిట్ 50,400. కడ్డీ 1,50,000 కు 27,000. కంకర 2,50,000 కు 5 శాతమే కాబట్టి 12,500. మొత్తం క్రెడిట్ 89,900. నువ్వు కట్టాల్సిన 3,42,000 లో ఇది తీసేస్తే 2,52,100. జీఎస్టీ టీడీఎస్ 38,000 తీసేస్తే 2,14,100 చేతి నుంచి. అంగట్లో సరుకు కొని అమ్మేవాడికి ఇంత రాదు, వాడు కొన్నదాని మీద కట్టింది అమ్మినదాని మీద దాదాపు సరిపోతాది. మనకు ఎందుకు వస్తాది అంటే మన పనిలో సగం కూలి, జేసీబీ బాడుగ చాలా వరకు బిల్లు లేనిది, ఇసుక బిల్లు లేనిది, వాటి మీద క్రెడిట్ రాదు, కానీ బిల్లు మాత్రం మొత్తం మీద 18 శాతం. ఎర్త్ వర్క్ ఎక్కువగా ఉండే గవర్నమెంట్ పనులకు ముందు 12 ఉండేది, అదీ అదే సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. అందుకే టెండర్‌లో లెస్, అంటే ఎస్టిమేట్ కన్నా తక్కువ రేటు, వేసేటప్పుడు సిమెంట్, కంకర రేట్లు ఒకటే చూసుకుంటే చాలదు.

వడ్డీ 18 శాతం, అంటే మన భాషలో రూపాయిన్నర వడ్డీ. 2,14,100 మీద వేసుకున్నా నెలకు 3,200 పైనే. నువ్వు ఊర్లో ఎంత వడ్డీకి తెచ్చినావో నాకు తెలీదు గానీ తాడిపత్రిలో రెండు, మూడు రూపాయలకు తక్కువ ఎవరిచ్చినారు, కాబట్టి జీఎస్టీ డబ్బుతో మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చేస్తే లాభమే కదా అని ఒకాయన నాతో వాదన వేసుకున్నాడు. లెక్క కరెక్టే. కానీ ఊరి అప్పులోడు నీ బ్యాంకు అకౌంట్ ఫ్రీజ్ చేయలేడు, నీ జీఎస్టీ నంబర్ సస్పెండ్ చేయలేడు, అది సస్పెండ్ అయిన రోజు నీ తర్వాత బిల్లు కూడా ఆగిపోతాది.

జీఎస్టీ టీడీఎస్ సంగతి చెప్తా అన్యా కదా. పోర్టల్‌లో లాగిన్ అయితే రిటర్న్స్ దగ్గర టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్ అని ఉంటాది. డిపార్ట్‌మెంట్ వాళ్లు జీఎస్టీఆర్-7 వేసినాక నీ కోత అక్కడ వచ్చి కూర్చొని ఉంటాది, నువ్వు యాక్సెప్ట్ కొట్టి ఫైల్ చేస్తేనే నీ క్యాష్ లెడ్జర్, అంటే ట్యాక్స్ కట్టేదానికి పోర్టల్‌లో ఉండే ఖాతాలోకి వస్తాది. కొట్టకుంటే అట్లే పడి ఉంటాది. గుత్తి నుంచి ఒకాయన వచ్చినాడు, మూడేండ్ల పనుల కోతలు, లక్షా చిల్లర, ఒక్కసారి కూడా యాక్సెప్ట్ కొట్టలేదు, ఆ మూడేండ్లూ ట్యాక్స్ మొత్తం చేతి నుంచే కట్టినాడు. నీ మూడు పనులకు 60 లక్షల మీద 1,20,000 రావాల. ఈ రోజే చూడు. కనపడకుంటే ఆ ఆఫీసులో బిల్లులు డ్రా చేసే అధికారి, డీడీఓ దగ్గర జీఎస్టీఆర్-7 వేసినారా, నీ నంబర్ కరెక్ట్‌గా వేసినారా అడుగు, నంబర్ తప్పు పడి ఇంకొకరి ఖాతాలోకి పోయింది కూడా చూసినా.

లాగిన్ అన్యా కదా, నీ పోర్టల్‌లో ఫోన్ నంబర్, మెయిల్ ఎవరివి? నీ ఆడిటర్‌వేనా? పది మందిలో ఎనిమిది మందికి అంతే. నోటీసు పోర్టల్‌లో పెట్టినా, మెయిల్‌కు వచ్చినా చట్టం ప్రకారం నీకు అందినట్టే, నువ్వు చూసినావా లేదా అని ఎవరూ అడగరు. వ్యూ నోటీసెస్ అని ఒక చోట, అడిషనల్ నోటీసెస్ అని ఇంకో చోట ఉంటాయి, రెండు చోట్లా చూడాల. ఆడిటర్‌ను మార్చమని చెప్పడం లేదు, మరుపు మనిషికి కాకపోతే మానుకు వస్తాదా, అతనికి మార్చిలో వంద మంది ఉంటారు. నీ నంబర్, నీ మెయిల్ వేసుకో, పాస్‌వర్డ్ నీ దగ్గరా ఒకటి ఉంచుకో.

ఇంక 3 శాతానికి సిమెంట్ బిల్లులు ఇప్పించే పెద్దమనిషి గురించి. వద్దు. ఇందులో అటూ ఇటూ ఆలోచించేది ఏం లేదు. సరుకు రాకుండా వచ్చిన బిల్లు మీద క్రెడిట్ తీసుకుంటే, ఆ బిల్లు ఇచ్చిన కంపెనీ నంబర్ ఏదో ఒక రోజు క్యాన్సిల్ అయితాది, అట్లాంటివి ఎక్కువ రోజులు నిలబడవు, అప్పుడు అతని దగ్గర కొన్న అందరి జాబితా బయటికి వస్తాది. నువ్వు తీసుకున్న క్రెడిట్ మొత్తం వడ్డీతో వెనక్కి కట్టాల, దాని మీద అంతే పెనాల్టీ, నువ్వు ఇచ్చిన 3 శాతం ఎటూ పోయినట్టే. వాళ్లు అడిగేది కూడా సింపులే, ఆ సిమెంట్ ఏ లారీలో వచ్చింది, సరుకు రవాణాకు ఉండాల్సిన ఈ-వే బిల్లు యాడ, డబ్బు ఏ బ్యాంకు నుంచి ఇచ్చినావు. ఇంకొకటి కూడా ఆలోచించు, ఎంబీ, అంటే పని కొలతల పుస్తకంలో రికార్డ్ అయిన పనికి ఎన్ని బస్తాలు పడతాయో ఎస్టిమేట్‌లోనే ఉండాది, 600 బస్తాల పనికి 2,000 బస్తాల బిల్లు పెడితే ఇంజనీర్ ఏఈకి కూడా నవ్వొస్తాది. దానికన్నా నువ్వు నిజంగా కొన్న సిమెంట్‌కు, కడ్డీకి నీ జీఎస్టీ నంబర్ వేయించి బిల్లు తీసుకో, బిల్లు లేకుండా బస్తాకు పది రూపాయలు తక్కువ అంటే ఆశపడొద్దు. ఆ అంగడోడు రిటర్న్ వేసినాడా లేదా పోర్టల్‌లో నీకు వచ్చే క్రెడిట్ల పట్టిక, 2బీలో కనపడతాది, ప్రతి నెల 14వ తేదీ తర్వాత ఒకసారి చూసుకో. కొన్నాక 180 రోజుల లోపల అంగడోనికి డబ్బు ఇవ్వకుంటే ఆ క్రెడిట్ తిరిగి కట్టాల, మన గవర్నమెంట్ బిల్లుల టైమ్ చూస్తే ఇది కూడా గుర్తు పెట్టుకోవాల్సిందే.

కంపెనీ పెట్టమన్న ఫ్రెండ్ మంచివాడే అయి ఉంటాడు, కానీ లెక్క వేయలేదు. నువ్వు నీ పేరు మీద చేస్తే ఇన్కం ట్యాక్స్‌లో 44ఏడీ అని ఒక సెక్షన్ ఉండాది. టర్నోవర్ 2 కోట్ల లోపల, క్యాష్ వసూళ్లు 5 శాతం మించకుంటే 3 కోట్ల దాకా, ఖర్చుల లెక్క చూపించకుండా బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, క్యాష్ మీద 8 శాతం లాభం అని చూపించి రిటర్న్ వేయొచ్చు. నీకు 60 లక్షలు, అంతా బ్యాంకులోనే. 6 శాతం అంటే 3,60,000. 2025-26కు కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా అసలు ట్యాక్సే లేదు, రిబేట్ కలుపుకుంటే 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది సున్నా. కట్ అయిన టీడీఎస్ 60,000 మొత్తం నీకు వెనక్కి వస్తాది. అదే కంపెనీ అయితే 44ఏడీ వాడుకునే వీల్లేదు, 4 లక్షలు, 12 లక్షలు ఏం లేవు, మొదటి రూపాయి నుంచి 25 శాతం, దాని మీద 4 శాతం సెస్. 6 లక్షల లాభానికి 1,56,000. ఇంకో ఆప్షన్ ఎంచుకుంటే 22 అయితాది, సర్‌ఛార్జ్, సెస్ కలిపి 25కు కొంచెం పైన, పెద్ద తేడా లేదు. జీతం తీసుకొని లాభం తగ్గించుకోవచ్చు, నిజమే, కానీ టర్నోవర్ ఎంతున్నా ఆడిట్ చేయించాల, కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు ఆర్ఓసీలో ఏటా ఫారాలు వేయాల, లేటయితే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. మూడేండ్లు మర్చిపోయినోడు ఒకడు లక్షల్లో కట్టినాడు, కంపెనీలో పని మాత్రం ఒక్కటీ చేయలేదు. అన్నిటికన్నా ముఖ్యం కంపెనీ డబ్బు నీ డబ్బు కాదు, పిల్లోల్ల ఫీజుకు కంపెనీ అకౌంట్ నుంచి తీస్తే అది కూడా ఒక లెక్క అయి కూర్చుంటాది. ముగ్గురు నలుగురు కలిసి కోట్ల పనులకు పోయేటప్పుడు, బయటి వాళ్ల డబ్బు పెట్టుబడిగా వచ్చేటప్పుడు ఆలోచించు. ఇప్పుడు నీ లైసెన్స్ నీ పేరు మీద ఉండాది, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్లు నీ పేరు మీద ఉండాయి, వాటిని వదిలి కొత్త పేరుతో మళ్లా కింది క్లాస్ నుంచి ఎందుకు మొదలుపెట్టాల?

44ఏడీలో నాకు నచ్చని విషయం ఒకటి ఉండాది, అది చట్టం తప్పు కాదు, మనోళ్ల అలవాటు. అందరూ కచ్చితంగా 6 శాతమే చూపిస్తారు. 6 అనేది కనీసం, నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాల. నీకు నిజంగా 10 శాతం మిగిలింది అనుకో, 6 లక్షలు చూపించినా ట్యాక్స్ సున్నానే, దాచినందుకు మిగిలేది ఏం లేదు. కానీ రేపు జేసీబీకో టిప్పర్‌కో లోన్‌కు పోతే బ్యాంకు మేనేజర్ చూసేది ఆ రిటర్న్‌లో అంకెనే, 3,60,000 ఆదాయం చూపించి 25 లక్షల బండికి అప్పు అడిగితే నీ మొహం చూసి ఇవ్వడు. ఇంకొకటి, ఒకసారి 44ఏడీలో వేసి తర్వాత ఒక ఏడాది అంతకన్నా తక్కువ లాభం చూపించి బయటికి వస్తే మళ్లా ఐదేండ్లు దాంట్లోకి రాలేవు, కాబట్టి ఊరికే లోపలికి బయటికి తిరగొద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్కం ట్యాక్స్ చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారినాయి, నీ 2025-26 రిటర్న్ పాత చట్టం కిందదే కాబట్టి పాత నంబర్లే చెప్పినా.

ఇన్కం ట్యాక్స్ రిటర్న్ వేసేముందు 26ఏఎస్ అనే స్టేట్‌మెంట్ తీసి చూడు. అందులో ఏ ఆఫీసు నీ పాన్ మీద ఎంత బిల్లు చూపించి ఎంత కట్ చేసిందో ఉంటాది. రిటర్న్‌లో టీడీఎస్ మొత్తం అడిగి, టర్నోవర్ మాత్రం బ్యాంకులో పడినంతే చూపిస్తే రిటర్న్ డిఫెక్టివ్ అని వెనక్కి వస్తాది. మార్చిలో బిల్లు పాసయి జూన్‌లో డబ్బు పడితే ఏ సంవత్సరంలో చూపించాల అని అందరూ అడుగుతారు, ఆదాయం ఏ ఏడాది చూపిస్తే ఆ టీడీఎస్ కూడా ఆ ఏడాదే అడుక్కో, ఒకసారి పట్టుకున్న పద్ధతి ఏడాదికోసారి మార్చొద్దు, అంతే.

26ఏఎస్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తాండానంటే మా ఇంట్లోనే తగిలింది. మా మామ హంద్రీ-నీవా కాలువ మీద ఒక పెద్ద కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్ట్ మట్టిపని చేసినాడు. అప్పుడు నేను ఈ పనికి కొత్త. మామకు చేతికి వచ్చింది 22 లక్షలు. రెండేండ్ల తర్వాత ఇన్కం ట్యాక్స్ నుంచి ఉత్తరం వస్తే 26ఏఎస్ తీసి చూసినా, మామ పాన్ మీద 38 లక్షలు రాసుకున్నారు. మిగతా 16 లక్షలు ఎవరికిచ్చినారో ఏమో, ఖర్చు మాత్రం మా మామ పేరు మీద. కట్ చేసిన టీడీఎస్ కూడా 38 లక్షల మీదనే కట్టినారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అగ్రిమెంట్ పేపర్ మీద లేదు, మామ ఎప్పుడూ సంతకాలు చదివి పెట్టలేదు. చదువుకున్న అల్లుడు పక్కనే ఉండి ఒక్కసారి కూడా ఆ కాగితం తీసి చూడలేదు, అది నాకు ఇప్పటికీ ముల్లే. నువ్వు ఎవరి కిందయినా సబ్ చేస్తే మూడు నెలలకోసారి 26ఏఎస్ చూడు, ఐదు నిమిషాల పని.

కూలోళ్లకు క్యాష్ ఇస్తాం కదా తప్పా అని నువ్వు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. కూలి క్యాష్ ఇవ్వొచ్చు. రెగ్యులర్ లెక్కలు రాసి ఖర్చు చూపించేవాళ్లకు ఒక మనిషికి ఒక రోజు 10,000 మించి క్యాష్ ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు, 44ఏడీలో ఉన్నంత వరకు నీకు ఆ గొడవ లేదు. కానీ రేపు టర్నోవర్ పెరిగితే వస్తాది, కాబట్టి ఇప్పటినుంచే శనివారం బేల్దారి మేస్త్రి పేరు మీద 48,000 అని ఒకే లైన్ రాయొద్దు, మస్టర్, అంటే హాజరు పట్టీ, పెట్టి మనిషి మనిషికి సంతకమో వేలిముద్రో తీసుకో. అప్పు తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త, 20,000 నుంచి పైకి క్యాష్‌లో అప్పు తీసుకోవడం, తీర్చడం రెండూ తప్పే, పెనాల్టీ ఆ అప్పు ఎంతో అంత. వడ్డీలకు పోయింది అన్నావు చూడు, ఆ మాట చదివేటప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఇకమీదట బ్యాంకు నుంచి బ్యాంకుకే.

చివరగా మీ ఆవిడ నోట్‌బుక్. అంతకు మించి ఏం లేవు అని రాసినావే, నాకైతే నీ లెటర్‌లో నచ్చిన లైన్ అదొక్కటే. రోజూ రాసే నోట్‌బుక్ ఉన్న కాంట్రాక్టర్ నాకు ఏడాదికి ముగ్గురు కూడా తగలరు. దాంట్లో వచ్చింది, పోయింది ఒకటే కాకుండా పని వారీగా పేజీలు మార్చమని చెప్పు. పనికి ఒక కవర్ పెట్టండి, అగ్రిమెంట్, ఎంబీ జెరాక్స్, బిల్లు, డిడక్షన్ స్టేట్‌మెంట్, సిమెంట్ కడ్డీ బిల్లులు అందులో. పేజీ పైన బిల్లు విలువ, జీఎస్టీ, కోతలు ఒక్కోటి, బ్యాంకులో పడింది, నేను పైన రాసినట్టు రాస్తే ఏ లెక్క దేనితో కలవాలో ఆమెకే తెలిసిపోతాది. ఎఫ్ఎస్డీ ఎంత, ఏ తేదీకి అడగాల అనేది ఎర్ర ఇంకుతో. బిల్లులు పారేయొద్దు, జీఎస్టీ లెక్కలు ఆ ఏడాది యాన్యువల్ రిటర్న్ గడువు నుంచి ఇంకా ఆరేండ్లు పెట్టుకోవాల. బ్యాంకులో జీఎస్టీకని వేరే అకౌంట్ ఒకటి తెరిచి, బిల్లు పడిన రోజే క్రెడిట్ పోను కట్టాల్సింది అందులోకి మార్చేయమను, ఏటీఎం కార్డ్ తీసుకోవద్దు, చెక్‌బుక్ ఆమె దగ్గరే ఉండనీ.

రేపు పొద్దున ఆడిటర్ దగ్గరికి పోయేటప్పుడు నోటీసు, మార్చి బిల్లు డిడక్షన్ స్టేట్‌మెంట్, ఆ పనికి కొన్న బిల్లులు, ఆ నోట్‌బుక్, నాలుగూ ఎత్తుకొని పో. వీలైతే ఆవిడను కూడా తీసుకొని పో, ఆడిటర్ అడిగే వాటిల్లో సగానికి జవాబు ఆమె దగ్గరే ఉంటాది.